ఎడమకాలి మూడో వేలు

ఇది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం నా కూతురు నిద్రపోయాక తలుపు దగ్గరగా వేసి, దాని కాళ్ల దగ్గర కూర్చుని, కాలివేళ్లను ఒక్కొక్కటిగా నోట్లో పెట్టుకుంటాను. ప్రతి వేలి మొదట్లో నాలుకతో చుట్టూ తడుముతాను. ఎవరైనా చూస్తే ముద్దు చేస్తున్నాననుకుంటారు. నేను వెతుకుతుంటాను. మగ్గం మీద కూర్చునే మా చేతివేళ్లు గరుకుదేరి ఉంటాయి. పట్టుపోగు ఒంటరిగా ఉంటే వాటికి తగలదు, కంటికీ ఆనదు. నాలుకకు మాత్రం తెలుస్తుంది. దానికిప్పుడు రెండేళ్లు దాటాయి. చక్కిలిగింత పుట్టి నిద్రలోనే కాలు వెనక్కి లాక్కుంటుంది. అప్పుడు రెండో కాలు పట్టుకుంటాను. ఒకసారి మా ఆయన తలుపు తోసుకుని లోపలికొచ్చి "ఏం చేస్తున్నవే?" అంటే, గోళ్లు పెరిగాయేమోనని చూస్తున్నానన్నాను.

డైరీ రాసే అలవాటు నాకు ఇంటర్ చదివే రోజుల నుంచీ ఉంది. పెళ్లయి గద్వాలకు వచ్చాక కూడా మానలేదు. చదివిన పుస్తకాల గురించి, మగ్గం మీద ఉన్న చీర రంగుల గురించి, ఎవరితోనూ అనలేక మింగేసిన జవాబుల గురించి రాస్తుంటాను. ఇదంతా మొదలైన రోజు పేజీలో మాత్రం "చలి ఎక్కువగా ఉంది" అని ఒక్క వాక్యమే ఉంది. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి పాపకు ఎనిమిదో నెల. మా అత్తమ్మ తమ్ముడు నాగర్‌కర్నూల్లో ఇల్లు కట్టుకున్నాడు. కొత్తింట్లో కొత్త పొయ్యి మీద పాలు పొంగించాల్సింది ఆ ఇంటి ఆడబిడ్డ. అది మా వైపు పద్ధతి. ఆయనకు ఉన్నది ఒక్క అక్క, మా అత్తమ్మ. పునాది తవ్వినప్పటి నుంచీ ఆమె నోట ఆ పాల మాటే. ఏ చీర కట్టుకోవాలో, పాలు ఏ వైపుకు పొంగితే ఏమవుతుందో, అన్నీ ఆమెకు ముందే తెలుసు. తమ్ముడి భార్యకు పెట్టే చీరను బజార్లో కొననివ్వలేదు. మా మగ్గం మీదనే నేయాలంది.

నేసింది మా ఆయనా, నేనూ. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ వరుస వరుసకూ కలుపుతూ పోవాలంటే మగ్గం మీద ఇద్దరు కావాలి. కాళ్లు మగ్గం కింది గుంటలో పెట్టి పక్కపక్కనే కూర్చుంటాం. ఒకరు లేస్తే రెండో మనిషి పని కూడా ఆగిపోతుంది. అందుకే పాప ఏడ్చినా వెంటనే లేవడం కుదరదు. ఆ వరుస అయ్యేదాకా ఏడుపు వింటూ, అటు నుంచి పోగు మోసుకొచ్చే నాడె అందుకోవాలి. ఆ గుంటలో కూర్చుని అలా ఎన్ని ఏడుపులు విన్నానో.

మగ్గం మీద మేం మాట్లాడుకోం. నాకు అసలే మాట తక్కువ. అక్కడ మాటతో పని కూడా లేదు. పోగు తెగినట్టు ఎవరికి కనిపిస్తే వాళ్లు రెండో మనిషి భుజం మీద అరచెయ్యి వేస్తారు. చెయ్యి పడగానే ఆగిపోవాలి. ఎందుకని అడగడం ఆగిన తర్వాతే. అత్తమ్మ, చనిపోయిన మామయ్య కూర్చున్న రోజుల నుంచీ ఆ మగ్గానికి అదే అలవాటట.

పాప మగ్గం పక్కనే ఒక చిన్న పరుపు మీద ఉండేది. తెగిన పట్టుపోగుల తుక్కును మా ఇంట్లో పారెయ్యరు. ఏళ్ల తరబడి డబ్బాలో పోగేసి, ఇంట్లో బిడ్డ పుడితే పరుపులో కూరి కుడతారు. దూదికంటే మెత్తగా ఉంటుంది. అత్తమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లనూ దాని మీద చెయ్యి పెట్టి చూడమనేది. "రాజుల బిడ్డలకు గూడ ఉండదు గిసోంటి పరుపు," అనేది. అబద్ధమేమీ కాదు. నేనూ చాలాసార్లు దాని మీద చెంప ఆనించి పడుకున్నాను.

బయలుదేరే రోజు తెల్లవారి పాప చిరాకుగా లేచింది. పాలు తాగుతూ వదిలేస్తోంది, కాళ్లు కొట్టుకుంటోంది. అత్తమ్మ ఒకసారి తేరిపార చూసి తేల్చేసింది.

"నిన్న చీర చూస్తమని వాడకట్టు ఆడోళ్లంత వచ్చిండ్రు గద. ఒక్కదాని కన్ను గూడ చీర మీద లేదు. అన్నీ పిల్ల మీదనే ఉండె."

నల్ల నూలు పోగులు తీసి తొడ మీద పేని, పాప ఎడమకాలి మడమ పైన కట్టింది. మగ్గం మనిషి వేసిన ముడి అది, ఊడిరాదు. చలిగా ఉందని నేను రెండు కాళ్లకూ మేజోళ్లు తొడిగాను.

కారు మా వీధిలోని ఆయనదే, కిరాయికి తనే నడుపుతాడు. ముందు ఆయన పక్కన మా ఆయన కూర్చున్నాడు. వెనక ఒక కిటికీ దగ్గర అత్తమ్మ, రెండో కిటికీ దగ్గర తమ్ముడికి పెట్టే కొత్త ఇత్తడి బిందె. దాన్ని కాళ్ల దగ్గర పెట్టడానికి అత్తమ్మ ఒప్పుకోలేదు.

"బిందెకు గూడ బెల్టు పెట్టమంటవా పెద్దమ్మా?" అన్నాడు డ్రైవరు.

"పెట్టు. నీ బండిల దానికంటె ఇలువైనోళ్లు ఎవరున్నరు?"

మధ్యలో నేను. ఒళ్లో పరుపు, పరుపు మీద పాప. పాదాల దగ్గర పళ్ల బుట్ట ఉండటంతో కాళ్లు కదపడానికి చోటు లేదు. ఒక మోచేతికి బిందె అంచు ఒత్తుకుంటోంది, రెండో భుజాన్ని అత్తమ్మ భుజం నొక్కుతోంది. పాప కాళ్లు అత్తమ్మ వైపు ఉన్నాయి. వంగి వాటిని అందుకోవాలన్నా నాకు వీలు కాలేదు.

ఎర్రవల్లి చౌరస్తా దాటకముందే ఏడుపు మొదలైంది. దాని ఏడుపులన్నీ నాకు తెలుసు. ఆకలి ఏడుపు ఆగి ఆగి వస్తుంది. నిద్ర ఏడుపు ముక్కుతో ఉంటుంది. ఇది ఆ రెండూ కాదు. ఒకే ఎత్తులో సాగి, ఊపిరి అందక తెగి, మళ్లీ అదే ఎత్తు నుంచి మొదలవుతోంది. కృష్ణ మీది వంతెన ఎక్కినప్పుడు అందరూ దండం పెట్టుకున్నారు. నాకు చేతులు ఖాళీ లేవు.

"గ్యాసుంటది," అన్నాడు మా ఆయన వెనక్కి తిరక్కుండానే.

"గ్యాసు గాదు, చెవిపోటు. సూడు, తల ఎట్ల తిప్పుతుందో," అంది అత్తమ్మ.

"కారు వాసన పడదు కొందరు పిల్లలకు," అని డ్రైవరు తన కిటికీ అద్దం దించాడు. చలిగాలికి పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. మళ్లీ ఎత్తాడు.

ఈలోగా, ముహూర్తం దగ్గర పడుతోందని, అత్తమ్మ ఫోను మోగుతూనే ఉంది. తమ్ముడు.

"వస్తున్నం రా అయ్యా. పెబ్బేరు వచ్చినం. అయ్యగారిని కూసోబెట్టు, చాయ పొయ్యి."

పెబ్బేరు దగ్గర హైవే మీద అలాగే సాగిపోతే కొత్తకోట వస్తుంది. మా అమ్మ ఉండే ఊరు. అక్కడికి వెళ్తే అమ్మ బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుని, బట్టలన్నీ విప్పి, తల నుంచి కాళ్ల దాకా చూసేది. లారీల వెనక సాగిపోయే ఆ రోడ్డునే చూస్తూ కూర్చున్నాను. కారు కుడివైపు తిరిగింది.

వనపర్తిలో ఆపుదామని చివరికి అత్తమ్మే అంది. "గిట్ల ఏడ్చే పిల్లనేసుకొని కొత్తింట్ల అడుగు పెడ్తమా? చూపించి పోదాం. ఎంత సేపు పడ్తది?"

బస్టాండు దగ్గరలో పిల్లల డాక్టరు ఒకాయన ఉన్నాడు. గది నిండా తల్లులూ, జ్వరాల పిల్లలూ. పాప ఏడుపు విని కాంపౌండరు మమ్మల్ని ముందుగా పంపాడు. డాక్టరు పెద్దవయసు మనిషి. చెవులు చూశాడు, పొట్ట నొక్కాడు, మేజోళ్లు తీయమన్నాడు.

ఎడమకాలిది తీశాను. మూడో వేలు నేరేడుపండు రంగులో ఉబ్బి ఉంది.

డాక్టరు మాత్రం వేలి కంటే ముందు మడమ పైనున్న నల్లదారాన్ని చూశాడు. ఉబ్బిన కండలో అది కొంచెం దిగి ఉంది.

"ఎవరు కట్టారు ఇది?"

నేను తీసిన మేజోడును మడత పెట్టసాగాను.

"మిమ్మల్నే అడుగుతున్నా. రక్తం ఆడకుండా బిగించి కడితే వేళ్లకు ఏమవుతుందో తెలుసా? దిష్టి, దిష్టి అని చివరికి పిల్లల కాళ్లే తీసేస్తారు మీరు."

"నేనే కట్టిన సారూ," అంది అత్తమ్మ. తలుపు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లందరూ ఆమె వైపు చూశారు.

ఆయన కత్తెరతో దారం కత్తిరించాడు. పాదాన్ని కొంచెం రుద్దాడు. నొప్పికి చుక్కల మందు రాసిచ్చాడు. "రంగు మెల్లిగా వస్తుంది. వేలిని ఇలా వత్తి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. చూస్తూ ఉండండి," అని నాతో అన్నాడు. నేను తలాడించాను. దారం కాలంతటికీ కట్టి ఉంటే మిగతా వేళ్లు ఎందుకు మామూలుగా ఉన్నాయని అడగాలనిపించింది. అప్పటికే తరవాతి బిడ్డను బల్ల మీద పడుకోబెట్టేశారు.

కారెక్కాం. చుక్కల మందు అక్కడే తాగించాం. కత్తిరించిన నల్లదారం ముక్క అత్తమ్మ పిడికిట్లో ఉంది. ఎప్పుడు తీసుకుందో నేను చూడలేదు.

ఊరు దాటుతుంటే మా ఆయన వాతావరణం తేలిక చేయడానికి అన్నాడు: "ఏమైతేంది తియ్. తొందరగ తెలిసింది. నువ్వు గూడ అమ్మా, మగ్గం మీద అంచు బిగిచ్చినట్టు బిగిస్తివి."

అత్తమ్మ కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చుంది. ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ ఉండే మనిషి అలా ముడుచుకుపోవడం నేనెన్నడూ చూడలేదు.

ఈసారి పాప తల అటువైపు పెట్టి, కాళ్లు నా చేతికందేలా పడుకోబెట్టుకున్నాను. నాలుగో వేలు వత్తి వదిలాను. తెల్లబడి ఎర్రబడింది. రెండో వేలూ అంతే. మూడో వేలు వత్తాను. అది తెల్లబడలేదు, ఎర్రబడలేదు. ఎలా ఉన్నది అలానే ఉంది.

కాసేపాగి మళ్లీ చూడాలనుకున్నాను. కాసేపు ఆగాను. మళ్లీ అంతే.

లోపల ఒక వాక్యం తయారైంది. పుస్తకంలో అచ్చయినట్టు చక్కగా, తప్పుల్లేకుండా ఉంది: మనం వెంటనే వెనక్కి వెళ్లాలి. దాన్ని మనసులో చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి పెదవుల దాకా తెచ్చాను కూడా.

"ఏమన్న అన్నవా?" అన్నాడు మా ఆయన.

"ఏం లేదు."

ఎందుకలా అన్నానంటే, పక్కన అత్తమ్మ ఉంది. అంతమందిలో మాటపడి వచ్చింది. ఇంకా నయం కాలేదంటే, ఆ దారం సంగతే మళ్లీ ఎత్తినట్టవుతుంది. వెనక్కి వెళ్దామంటే ఆమె చేత్తో పాలు పొంగించడం ఉండదు. డాక్టరు చెప్పాడు, మందు పడింది, దారం తెగింది. కారులో ఉన్న అందరికీ ఆ సంగతి అయిపోయింది. అవలేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చుట్టూ బిందె, బుట్ట, ఆమె మౌనం. కారు ముందుకు పోతోంది.

మందు మత్తుకో, ఏడ్చి ఏడ్చి అలసటకో, పాప ఒక్కసారిగా నిద్రలోకి జారింది. కారంతా నిశ్శబ్దమైంది.

"చూసినవా, నొప్పి తగ్గింది," అన్నాడు మా ఆయన.

"పిల్లలంటె అంతే అన్నా. మనల్ని పరేషాన్ చేసి ఆళ్లు పండుకుంటరు," అన్నాడు డ్రైవరు. పాట పెట్టాడు, చిన్నగా.

వాళ్లకు ఊరట కలిగించిన ఆ నిశ్శబ్దంలో నాకు భయం పెరిగింది. ఏడుస్తున్నంతసేపూ ఆ వేలి తరఫున అడిగే గొంతు ఒకటి ఉండేది. ఇప్పుడదీ లేదు. గోరు కింద నలుపు చేరుతోంది.

నేను ముందుకు వంగాను. పరుపునూ పాపనూ ఒక చేత్తో పొట్టకు అదుముకుని, రెండో చెయ్యి చాపి మా ఆయన భుజం మీద అరచెయ్యి వేశాను.

"ఆపన్నా," అన్నాడు ఆయన డ్రైవరుతో.

కారు రోడ్డు పక్కన ఆగాక, తనెందుకు ఆపమన్నాడో తనకే తెలియనట్టు వెనక్కి తిరిగాడు. "ఏంది?"

"వేలు," అన్నాను. "నల్లగనే ఉంది."

"టైం పడ్తదని చెప్పిండు గద డాక్టరు."

"వత్తితే ఎర్రగైతలేదు. పక్క వేళ్లు అయితున్నయి. ఇది అయితలేదు."

"ఇంగో జరసేపట్ల నాగర్‌కర్నూల్ పోతం చెల్లె. ఆడ లేవా దవాఖానలు?" అన్నాడు డ్రైవరు. ఆయన మాటలోనూ న్యాయముంది.

"అవును. పాలు పొంగంగనే నేనే తీస్కపోత," అన్నాడు మా ఆయన.

"వనపర్తే దగ్గర," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మనం ఊరు దాటి ఎక్కువ దూరం రాలే. అంతసేపు ఆగొద్దు."

"నీకేం తెలుసు ఆగొద్దని?"

"తెల్వదు. ఎర్రగైతలేదు. అంతే తెలుసు."

అప్పటిదాకా కిటికీ వైపే చూస్తున్న అత్తమ్మ కళ్లజోడు సర్దుకుంది. పాప పాదాన్ని తన చేతిలోకి తీసుకుంది. నాలుగో వేలు వత్తింది, వదిలింది. మూడోది వత్తింది, వదిలింది. వేలిని వెలుతురుకు పట్టి చూసింది. మళ్లీ వత్తింది.

"తిప్పు బండి," అంది.

"అమ్మా, ముహూర్తం..."

"తిప్పుమన్న గద."

బండి తిరుగుతుండగానే తమ్ముడికి ఫోను చేసింది. ఆయన గొంతు మా అందరికీ వినపడుతోంది.

"అక్కా, యాడున్నరు? అయ్యగారు తొందర చేస్తుండు."

"రాలేము రా. పిల్లకు బాగలేదు, దవాఖానకు పోతున్నం. నీ మరదలు ఉంది గద ఆడ, ఆమెతోటి పొంగియ్ పాలు."

"ఆమె ఆడబిడ్డ ఎట్లయితది అక్కా?"

"ఇయ్యాలటికి అయితది."

"నలుగుర్ల నా ఇజ్జత్ ఏంగావాలె? నువ్వు రాకుంట నేను..."

ఆమె ఫోను కోసేసింది. సంచి అందక, చేతికందిన బిందెలో దాన్ని పడేసింది. వనపర్తి చేరేదాకా అది ఇత్తడి లోపల మోగుతూనే ఉంది. ఎవరమూ తీయలేదు.

పిల్లల డాక్టరు లేడు. షట్టరు సగం దించి ఉంది. పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు కాంపౌండరు. అక్కడ పిల్లల వార్డులో ఒక డాక్టరమ్మ ఉంది. నాకంటే రెండు మూడేళ్లు పెద్దదై ఉంటుంది. జరిగినదంతా మా ఆయన చెప్పబోయాడు. "తల్లి చెప్పనీ," అందామె. చెప్పాను. ఎక్కడ మొదలుపెట్టానో, ఏ వరుసలో చెప్పానో గుర్తులేదు. నల్లదారం, కత్తెర, వత్తితే ఎర్రబడని వేలు.

ఆమె లైటు దగ్గరికి లాగి, భూతద్దం పెట్టి, వేలి మొదట్లోని మడతను రెండు వేళ్లతో విడదీసింది. చాలాసేపు చూసింది.

"ఇంట్లో ఏం పని చేస్తారమ్మా?"

"మగ్గం."

"పట్టా?"

"పట్టు, నూలు రెండూ."

"లోపల ఇంకో దారం ఉంది. చర్మం వాచి దాన్ని కప్పేసింది. అదే కోసుకుపోతోంది. పై నుంచి చిన్నగా కోసి తీయాలి."

బల్ల గోడకు బాగా దగ్గరగా ఉంది. ఒకవైపు నర్సు, ఇంకోవైపు డాక్టరు. గోడకూ బల్లకూ మధ్య మిగిలిన సందులో నన్ను నిలబెట్టి, మోకాలు కదలకుండా పట్టుకోమన్నారు. అక్కడి నుంచి బయటికి రావాలంటే ముందు వాళ్లు తప్పుకోవాలి. వేలికి మత్తుసూది ఇచ్చినప్పుడు పాప మేలుకుంది. దాని చూపు ముందు నా మీదే పడింది. కాపాడేదాన్ని నేనేననుకుని రెండు చేతులూ నా వైపు చాపింది. నేను దాని మోకాలిని బల్లకేసి అదిమి పట్టి నిలబడ్డాను. కళ్లు మూసుకుందామనుకున్నాను. నేను మూసుకుంటే దానికి చూడటానికి ఎవరూ ఉండరు. మూసుకోలేదు.

డాక్టరమ్మ చిమటాతో ఏదో లాగి తెల్లగుడ్డ మీద పెట్టింది. నాకేమీ కనిపించలేదు. లైటు కొంచెం వంచితే కనిపించింది. లేత గులాబీ రంగు పోగు, కనురెప్ప వెంట్రుకంత. మూడు నాలుగు చుట్లు చుట్టుకున్న వంపు దానికింకా పోలేదు.

అత్తమ్మను లోపలికి పిలిచారు. ఆమె గుడ్డ మీదికి వంగి చూసింది. గద్వాలలో పట్టు ముట్టుకుని బతికిన మనిషికి ఆ రంగు ఎప్పటిదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇది నా పరుపులది," అంది. "కుట్టు విడిచింది గావచ్చు."

"వెంట్రుక చుట్టుకుని కూడా ఇలా అవుతుందమ్మా. మేజోళ్ల దారంతో కూడా," అంది డాక్టరమ్మ.

"కావచ్చు. ఇదైతే నా పరుపుదే."

వేలు నిలుస్తుందా అని మా ఆయన అడిగాడు. ఇప్పుడే చెప్పలేనంది. వార్డులో ఉంచి చూస్తాం, ఎంత రక్తం తిరిగి వస్తుందో చూడాలి, గంటగంటకూ రంగు చూసి నర్సుకు చెప్పండి, అంది.

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. వేలు నిలిచింది. గోరు ఊడిపోయింది, చర్మం రెండుసార్లు పొరలు పొరలుగా లేచింది, కొత్తగోరు కొంచెం వంకరగా వచ్చింది. వేలి మొదట్లో ఉంగరం తొడిగి తీసినట్టు ఒక గీత మిగిలింది. పాలు ఆ మరదలే పొంగించింది. అత్తమ్మ తమ్ముడు దసరా దాకా మా ఇంటికి రాలేదు. కానీ ఆ మధ్యాహ్నం మాకివేవీ తెలియవు. పాప కాలికి తెల్లకట్టు, కట్టులోంచి బయటికి చూస్తున్న ముదురు రంగు వేలికొస. అంతే మా ముందున్నది.

డ్రైవరు వచ్చి, ఇంకెంతసేపు ఆగాలని అడిగాడు. అత్తమ్మ లేచింది. ముహూర్తం పోయినా, చీరా బిందె ఇచ్చి తమ్ముడి ముందు నిలబడి వస్తానంది. మా ఆయన మందులు తేవడానికి వెళ్లాడు. వార్డులో మంచాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. నేను కిటికీ వైపు మూలన, పాపను ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. దాని కాలికి ఎత్తు కావాలని నా మోకాలు పైకి పెట్టుకుని ఉండటంతో లేవలేకపోయాను.

అత్తమ్మ మంచం మీదున్న పరుపు తీసి చుట్టింది. దాన్ని చంకలో పెట్టుకుంది. రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చింది. వంగి ఆ వేలికొసను ఒక్కసారి వత్తి చూసింది. ఏం కనిపించిందో ముఖంలో తెలియనివ్వలేదు.

"నీ మొగుడు చేస్తడు ఫోను, అంత మంచిగనే ఉన్నదని చెప్తడు," అంది. "వాడు చెప్తె నమ్మ. నువ్వు చెయ్యి. వత్తి చూసి, ఎట్లున్నదో గట్లనే చెప్పు. నేను చుట్టాలల్ల ఉన్నననుకొని ఆగకు, చెయ్యి."